పెట్రోల్ ఇంజిన్ చదువుదాం – 5వ పాఠం: డైరెక్ట్ ఇంజెక్షన్, దాని జబ్బులు

పోయిన పాఠంలో ఇన్‌టేక్ వాల్వు వెనుక పెట్రోలు చిమ్మే పోర్ట్ ఇంజెక్షన్‌ను చూశాం. ఇప్పుడు ఆ ఇంజెక్టర్‌ను అక్కడి నుంచి తీసి, నేరుగా మంట పుట్టే గదిలోకి దించుదాం. డైరెక్ట్ ఇంజెక్షన్ అంటే ఇదే. మారింది ఇంజెక్టర్ చోటు మాత్రమే అనిపిస్తుంది. కానీ దానితో ఇంజిన్‌కు వచ్చే జబ్బుల్లో చాలావరకు మారిపోతాయి. స్పెసిఫికేషన్ల పట్టిక చదవడం వస్తే, వాటిలో సగం బానెట్ ఎత్తకముందే ఊహించవచ్చు.

ఉదాహరణకు మిత్సుబిషి 4జీ93 జీడీఐ (గ్యాసోలిన్ డైరెక్ట్ ఇంజెక్షన్) ఇంజిన్‌ను తీసుకుందాం. 1996లో గాలంట్ కారులో వచ్చింది. సిలిండర్‌లోకి నేరుగా పెట్రోలు చిమ్మడం దానితో మొదలు కాలేదు. 1950లలోనే మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్‌ఎల్ ఆ పని చేసింది, అయితే అదంతా మెకానికల్ పంపు మీద నడిచేది. కంప్యూటర్ అదుపులో ఈ పద్ధతిని మామూలు కార్లలోకి తెచ్చింది మిత్సుబిషి. పట్టికలో మనకు కావలసినవి: సిలిండర్లు 4, బోర్ (సిలిండర్ లోపలి వెడల్పు) 81 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 89 మి.మీ., కంప్రెషన్ రేషియో (పిస్టన్ మిశ్రమాన్ని ఎన్నో వంతుకు అదుముతుందో చెప్పే అంకె) 12, ఇంధన పీడనం సుమారు 50 బార్.

ముందు సీసీ లెక్క చేయండి. బోర్ 8.1 సెం.మీ., దాని వర్గం 65.61. దాన్ని 0.7854తో (పై విలువలో నాలుగో వంతు) గుణిస్తే సిలిండర్ అడ్డుకోత వైశాల్యం 51.53 వస్తుంది. స్ట్రోక్ 8.9తో గుణిస్తే 458.6. నాలుగు సిలిండర్లకు 1,834 సీసీ. పట్టికలో ఉన్నదీ ఇదే. ఈ లెక్క ఏ ఇంజిన్‌కైనా పనికొస్తుంది, కానీ జబ్బుల గురించి ఏమీ చెప్పదు. ముందుకు వెళదాం.

కంప్రెషన్ రేషియో 12 అనేది ఆ కాలపు పెట్రోల్ ఇంజిన్‌కు ఎక్కువే. అంత గట్టిగా అదిమితే మిశ్రమం వేడెక్కి, వేళ కాని వేళ అంటుకుని ‘నాకింగ్’ రావాలి. ఇక్కడ రాకపోవడానికి కారణం ఉంది. సిలిండర్ లోపల ఆవిరయ్యే పెట్రోలు చుట్టూ ఉన్న గాలి నుంచే వేడిని లాక్కుని దాన్ని చల్లబరుస్తుంది. ఆ చల్లదనమే ఎక్కువ కంప్రెషన్‌కు వీలు కల్పిస్తుంది. అదే ఇంజిన్‌కు టర్బో తోడైతే, తక్కువ వేగంలో ఎక్కువ బరువు లాగేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంటుంది. ప్లగ్ మెరవకముందే మిశ్రమం అంటుకుని, పిస్టన్‌నే పగలగొట్టవచ్చు. ఇంజిన్ ఆయిల్‌లోని కాల్షియం డిటర్జెంట్లు దీన్ని పెంచుతాయని తేలాక ఆయిల్ ప్రమాణాలే మార్చారు. డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ అనే ప్రమాణం గుర్తున్న ఆయిల్, ఇలా ముందే అంటుకోవడాన్ని కొలిచే పరీక్ష దాటి వస్తుంది. టర్బో ఉన్న డైరెక్ట్ ఇంజెక్షన్ కారులో పాత ప్రమాణం ఆయిల్ పోయడం పిసినారితనం కూడా కాదు, తెలివితక్కువతనం.

ఇక పీడనం. పోర్ట్ ఇంజెక్షన్‌కు 3, 4 బార్ చాలు. ఇక్కడ 50 ఎందుకు? నిమిషానికి 6,000 చుట్లు తిరిగే ఇంజిన్‌లో ఒక చుట్టుకు 10 మిల్లీసెకన్లు పడుతుంది, ఇన్‌టేక్ స్ట్రోక్‌కు అందులో సగం. పెట్రోలు చిమ్మడం, ఆవిరవడం, గాలిలో కలవడం అన్నీ దాదాపు ఆ వ్యవధిలోనే జరగాలి. అందుకే ఒత్తిడి పెంచి సన్నని తుంపరలుగా చిమ్ముతారు. తరువాతి తరాల ఇంజిన్లలో ఇది 200 బార్‌కు, ఇప్పుడు కొన్నింటిలో 350 బార్‌కు చేరింది. ట్యాంకులోని ఎలక్ట్రిక్ పంపు ఇంత ఒత్తిడి ఇవ్వలేదు. అది పెట్రోలును నాలుగైదు బార్‌తో ముందుకు తోస్తే, క్యామ్‌షాఫ్ట్ నడిపే రెండో పంపు దాన్ని పెద్ద ఒత్తిడికి తెస్తుంది. ఇంజిన్ నడుస్తుంటే టిక్కుటిక్కుమనే చప్పుడు వస్తుందని కొందరు కంగారుపడతారు. చాలాసార్లు ఆ చప్పుడు ఈ పంపుదీ ఇంజెక్టర్లదే, జబ్బు కాదు.

ఇప్పుడు అన్నింటికంటే ముఖ్యమైన జబ్బు. పోర్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు చుక్కలు ప్రతిసారీ ఇన్‌టేక్ వాల్వును కడుగుతాయి. ఇక్కడ ఆ వాల్వు పెట్రోలు మొహమే చూడదు. కానీ క్రాంక్‌కేసు (పిస్టన్ల కింద క్రాంక్ తిరిగే గది) నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి మాత్రం గాలితో పాటు అదే దారిలో వస్తుంది. వేడి వాల్వు మీద పడి మాడి, పొర మీద పొర కడుతుంది. ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పి, కెమెరా గొట్టం లోపలికి పెట్టి చూస్తే వాల్వు కాడ చుట్టూ, గొడుగు వెనుక వైపు నల్లటి పెచ్చు కనిపిస్తుంది. పైన తారులా జిగట, గోరుతో గీరితే కింద పెళుసు. లోపలికి వచ్చే గాలి దీనివల్ల దారి తప్పుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజిన్ అదిరి, మిస్సింగ్ వచ్చి, వేడెక్కాక సర్దుకుంటే ముందుగా దీన్నే అనుమానించాలి. కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్‌లో మిస్సింగ్‌ను చెప్పే పీ0300 లేదా ఏదో ఒక సిలిండర్‌ను చూపించే పీ0301 లాంటి కోడ్ ఉంటుంది. చాలామంది ప్లగ్గులూ కాయిల్సూ మార్చి ఊరుకుంటారు, నెల తిరగకముందే మళ్లీ అదే గోల.

ట్యాంకులో పోసే క్లీనర్ మందులు ఇక్కడ దండగ. ఇంజెక్టర్ మొనను అవి శుభ్రం చేయవచ్చు కానీ వాల్వు దగ్గరికి చేరే దారే లేదు. నమ్మదగిన మార్గం అక్రోట్ గుల్లల పొడిని గాలి ఒత్తిడితో కొట్టి మసి ఊడగొట్టడం. ఆ పొడి మసిని గీకుతుంది, లోహాన్ని గీకదు. అయితే ఏ సిలిండర్ మీద పని చేస్తున్నారో దాని ఇన్‌టేక్ వాల్వులు పూర్తిగా మూసుకునేలా ముందు క్రాంక్ తిప్పి పెట్టాలి. లేకపోతే పొడి సిలిండర్‌లో పడుతుంది. టయోటా డీ-4ఎస్ లాంటి ఇంజిన్లలో వాల్వు వెనుకా, సిలిండర్‌లోనూ రెండు చోట్లా ఇంజెక్టర్లు ఉండటం ఈ విషయంలోనూ కలిసొచ్చింది.

రెండో పెద్ద ఫిర్యాదు పికప్ లేకపోవడం, కోడ్ పీ0087. ఫ్యూయల్ రైలులో, అంటే ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టంలో, ఒత్తిడి తక్కువని అర్థం. ఈ కోడ్ చూసి నేరుగా ఖరీదైన హైప్రెషర్ పంపు మార్చేసే వారిని ఎంతమందినో చూశాను. ముందు ట్యాంకు వైపు ఒత్తిడి కొలవండి. అక్కడే తక్కువ ఉంటే ఫిల్టర్, ట్యాంకు పంపు చూడాలి. అక్కడ బాగుంటేనే పై పంపు సంగతి. ఫోక్స్‌వ్యాగన్ పాత 2.0 టర్బో ఎఫ్‌ఎస్‌ఐ ఇంజిన్లలో క్యామ్‌కూ పంపుకూ మధ్య ఉండే చిన్న ఫాలోయర్ అరిగి చిల్లుపడటం పేరుమోసిన జబ్బు. అక్కడ పంపు కంటే ముందు ఆ బిళ్లను తీసి చూడాలి.

డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరిగిందా? వాసన చూడండి. పెట్రోలు వాసన గుప్పుమంటే ఇంజెక్టర్ కారుతోందో, పంపు సీలు పోయిందో, లేదా కారు ఇంజిన్ వేడెక్కేంత దూరం ఎప్పుడూ వెళ్లడం లేదో తేల్చుకోవాలి.

ఒక హెచ్చరిక: రైలులో ఒత్తిడి దించకుండా ఏ పైపు నట్టూ వదులు చేయవద్దు. ఆ ఒత్తిడిలో పెట్రోలు చర్మాన్ని కోస్తుంది.

అభ్యాసం: ఐడ్లింగ్‌లో కంప్యూటర్ 50 బార్ కోరింది, 50 వచ్చింది. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే 150 కోరింది, 80 మాత్రమే వచ్చింది. అదే సమయంలో ట్యాంకు వైపు గేజి 5 బార్ దగ్గర కదలకుండా ఉంది. ఎక్కడ విప్పుతారో, ఏ వరసలో చూస్తారో రాసి పెట్టుకోండి. ఆరో పాఠంలో ఆ పంపునే విప్పబోతున్నాం.