కీబోర్డులో లేని గుర్తులు – 3వ పాఠం: బాణం వేయడం ఎలా?

పోయిన పాఠంలో రూపాయి గుర్తు ₹, డిగ్రీ గుర్తు ° కొట్టడం నేర్చుకున్నాం. చేతికి అలవాటయ్యే ఉంటాయి. ఈసారి బాణాలు.

ముందు నా పరువు పోయిన కథ. కొన్నేళ్ల కిందట మా ఇంట్లో పెళ్లికి దారి చెబుతూ బంధువులకు మెయిల్ పెట్టాను. బస్టాండ్ → బెంజ్ సర్కిల్ → పటమట. నా స్క్రీన్ మీద బాణాలు చక్కగానే ఉన్నాయి. మా బాబాయికి మాత్రం బాణం ఉన్న ప్రతిచోటా నెత్తిన చిన్న గీతతో ఇంగ్లిష్ 'ఎ' కనిపించిందట. "బస్టాండ్ ఎ, బెంజ్ సర్కిల్ ఎ అని రాశావేంట్రా, బి ఎక్కడుంది?" అని ఫోన్ చేశాడు.

తప్పు ఎక్కడ జరిగిందో చూద్దాం. వర్డ్‌లో రెండు అడ్డగీతలు కొట్టి, పక్కన 'గ్రేటర్ దాన్' గుర్తు పెడితే (-->) అది తనంతట తానే బాణమైపోతుంది. మనలో చాలామందికి తెలిసిన పద్ధతి ఇదే. కానీ అలా వచ్చేది చాలాసార్లు అసలు బాణం కాదు. వింగ్‌డింగ్స్ అనే ఫాంట్‌లో, ఆ గీత ఉన్న 'ఎ' అక్షరం చోట బాణం బొమ్మ పెట్టారు. లోపల ఉన్నది అక్షరమే, పైన బాణం వేషం. ఇంకో చోటికి వెళ్లి ఫాంట్ మారగానే వేషం ఊడిపోతుంది. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో కొట్టించిన మేటర్‌ను వాట్సాప్‌లో పేస్ట్ చేసి, పిచ్చి అక్షరాలు చూసి తల పట్టుకున్నవాళ్లకు ఈ జబ్బు పాతదే.

అసలు బాణానికి యూనికోడ్‌లో, అంటే అన్ని లిపుల అక్షరాలకూ గుర్తులకూ తలా ఒక నంబరిచ్చిన ప్రపంచవ్యాప్త పట్టికలో, సొంత నంబరు ఉంది. తెలుగు లిపికి 128 గళ్లు కేటాయించినట్టే బాణాలకు 112 గళ్లు విడిగా ఉన్నాయి. మనకు రోజూ కావలసినవి మొదటి నాలుగే: ← 2190, ↑ 2191, → 2192, ↓ 2193. గుర్తుపెట్టుకోవడం తేలిక. ఎడమ వైపు మొదలుపెట్టి గడియారం ముల్లు తిరిగినట్టు తిరగండి: ఎడమ, పైన, కుడి, కింద. అంతే.

వర్డ్‌లో 2192 అని కొట్టి, వెంటనే ఆల్ట్ నొక్కిపట్టి ఎక్స్ నొక్కండి. అంకెలు పోయి → వస్తుంది. ఒక చిక్కుంది. నంబరుకు ముందు ఇంకో అంకె ఆనుకుని ఉంటే వర్డ్ దాన్నీ కలిపి చదివేసి, ఎక్కడిదో గుర్తు తెచ్చిపెడుతుంది. కాబట్టి మధ్యలో స్పేస్ ఇవ్వండి.

విండోస్‌లో ఇంకో పాత దారి ఉంది. ఆల్ట్ నొక్కిపట్టి, కుడిపక్క నంబర్ ప్యాడ్ మీద 24 కొడితే పైకి, 25 కిందకి, 26 కుడికి, 27 ఎడమకి బాణం వస్తుంది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ నాటి నంబర్లు ఇవి. ఇప్పటికీ పనిచేస్తున్నాయి, ముచ్చటేస్తుంది. నమ్‌లాక్ ఆన్‌లో ఉండాలి. పైవరసలో ఉన్న అంకెలతో కుదరదు. నంబర్ ప్యాడ్ లేని ల్యాప్‌టాప్ అయితే విండోస్ కీ, ఫుల్‌స్టాప్ కలిపి నొక్కండి. ఎమోజీల పెట్టె తెరుచుకుంటుంది, అందులో సింబల్స్ విభాగంలో వెతుక్కోవచ్చు.

ఫోన్‌లో వెతుకులాట అనవసరం. ఒక్కసారి ఎక్కడినుంచైనా → కాపీ చేసుకోండి. ఆండ్రాయిడ్‌లో కీబోర్డ్ సెట్టింగ్స్‌లోని పర్సనల్ డిక్షనరీలో, ఐఫోన్‌లో టెక్స్ట్ రీప్లేస్‌మెంట్‌లో దాన్ని పేస్ట్ చేసి, షార్ట్‌కట్‌గా మామూలు మాటల్లో పక్కపక్కన రాని రెండు మూడు అక్షరాలు పెట్టండి. ఇక ఆ అక్షరాలు కొట్టగానే బాణం ఎదురుగా వచ్చి నిలబడుతుంది.

సొంత వెబ్‌సైట్ రాసుకునేవాళ్లు &#8594; అని కొడితే చాలు. 2192 అన్నది పదహారు ఆధారంగా లెక్కించే హెక్సాడెసిమల్ పద్ధతిలో రాసిన నంబరు. దాన్నే మన మామూలు పదుల లెక్కలోకి మారిస్తే వచ్చేది 8594.

ఇప్పుడు, ఏ బాణం ఎక్కడ? దారి చెప్పడానికి, మెనూ వరస చూపడానికి → ఒక్కటీ సరిపోతుంది. ↔ వాడేటప్పుడు జాగ్రత్త: దానికి ఎమోజీ రూపం కూడా ఉంది. కొన్ని ఫోన్లలో రంగు డబ్బాలో కూర్చుని కనిపిస్తుంది. →కి ఆ బెడద లేదు.

కెమిస్ట్రీ నోట్స్ తయారుచేసే మాస్టార్లకు ప్రత్యేకంగా ఒక మాట. హైడ్రోజన్ + ఆక్సిజన్ → నీరు, ఇది సరే. ద్విగత చర్యకు మాత్రం ↔ పెట్టకండి. అది రెజొనెన్స్ గుర్తు. ద్విగత చర్యకు ఎదురెదురుగా రెండు సగం బాణాలున్న ⇌ కావాలి. ఆ రెండూ కలిపేసిన నోట్స్ ఎన్నో చూశాను. వాయువు బయటికి వస్తే పక్కన ↑, అవక్షేపం ఏర్పడితే ↓ అన్నది మీకు తెలిసిందే.

ఈ వారం పని: మీ ఇంటి నుంచి దగ్గరి బస్టాప్‌కు దారిని బాణాలతో వర్డ్‌లో రాయండి. ఒకసారి --> పద్ధతిలో, ఒకసారి 2192తో. రెండిటినీ నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి పక్కపక్కన చూడండి. మొదటిది చెడిపోతే వర్డ్ ఆటోకరెక్ట్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, -->కి ఎదురుగా అసలు → పేస్ట్ చేసి మార్చేయండి. వచ్చే పాఠంలో ½, ¼, గజాల పక్కన పెట్టే ² సంగతి చూద్దాం.