సముద్రపు చేప పేగులో చదును పురుగులను ఎలా వెతకాలి?

ఇక్కడ చదును పురుగులంటే ట్రెమటోడ్‌లు, చేప లోపల బతికే చిన్న పరాన్నజీవులు. చేప తాజాగా ఉంటేనే ఈ పనికి పూనుకోండి. చేప చచ్చిన కాసేపటికే లోపలి పురుగులూ పాడవడం మొదలవుతుంది. ఫ్రీజర్‌లో పెట్టి తీసిన చేపలో మంచి నమూనా దొరకడం కష్టం. చేప జాతి, పొడవు, దొరికిన చోటు, తేదీ కత్తెర పట్టకముందే రాసుకోండి.

లీటరు నీటిలో 8.5 గ్రాముల ఉప్పు కరిగించి పెట్టుకోండి. ఉత్త మంచినీళ్లు వాడితే పురుగులు ఉబ్బిపోతాయి.

గ్లవ్స్ వేసుకుని, మలద్వారం దగ్గర మొదలుపెట్టి మొప్పల దాకా పొట్ట కోయండి. జీర్ణాశయాన్ని, పేగును వేరువేరు గిన్నెల్లో ఉంచండి. పురుగు ఎక్కడ దొరికిందన్నది దాన్ని గుర్తుపట్టడానికి పెద్ద ఆధారం: హెమియూరిడే కుటుంబంవి ఎక్కువగా జీర్ణాశయంలో, ఒపికోలిడే కుటుంబంవి ఎక్కువగా పేగులో ఉంటాయి.

పేగును నిలువునా చీల్చి, ఉప్పునీళ్లున్న సీసాలో వేసి, మూత బిగించి బాగా కుదపండి. కొన్ని నిమిషాలు కదపకుండా వదిలేస్తే పురుగులు అడుగుకు దిగుతాయి. పైనున్న మురికినీళ్లు మెల్లగా వంచేసి, మళ్లీ ఉప్పునీళ్లు పోయండి. నీళ్లు తేటపడే దాకా ఇదే పని. చాలామంది తొందరపడేది ఇక్కడే. ఒకటి రెండు మిల్లీమీటర్ల పురుగులు వంచేసిన నీళ్లతోనే పోతాయి, జాగ్రత్త.

ఇప్పుడు మైక్రోస్కోప్ కింద చూడండి. పాలిపోయిన చిన్న ఆకు తునకలా ఉంటుంది. నోటి చుట్టూ ఒక చూషకం (అతుక్కుని పట్టుకునే గిన్నెలాంటి అవయవం), పొట్ట మీద ఇంకొకటి. ముందుదానితో పట్టు దొరికించుకుని, ఒళ్లంతా సన్నగా సాగదీసి, వెనక భాగాన్ని దగ్గరకు లాక్కుంటుంది. లోపల గుడ్లు వరుసకట్టి కనిపిస్తాయి. చాలా జాతుల్లో వృషణాలు, అండాశయం రెండూ ఒకే ఒంట్లో ఉంటాయి. ఈ అందం బతికున్నంతసేపే, కాబట్టి వెంటనే ఫోన్‌తో వీడియో తీయండి.

తర్వాత పురుగులను కొద్దిపాటి ఉప్పునీళ్లలో ఉంచి, దాదాపు మరుగుతున్న ఉప్పునీళ్లు ఒక్కసారిగా పోయండి. ఒళ్లు చాచిన భంగిమలోనే నిలిచిపోతాయి. చల్లని ఆల్కహాల్‌లో వేస్తే ముడుచుకుపోతాయి. గాజు పలకల మధ్య నొక్కి చదును చేసే పాత అలవాటు వద్దు, అవయవాల కొలతలు మారిపోతాయి.

చివరికి 70 నుంచి 80 శాతం ఇథనాల్‌లో దాచండి. ఫార్మలిన్ డీఎన్ఏను పాడుచేస్తుంది. లేబుల్ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయండి, పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. పురుగులు దొరకని చేపనూ పుస్తకంలో ‘0’ అని ఎక్కించండి. అది లేకపోతే ఎన్ని చేపల్లో ఎన్నింటికి పురుగులున్నాయో లెక్క తేలదు.