డెబియన్ ఎడ్యు గైడ్‌లో రౌటర్ పేజీ ముందుకు తెచ్చాను

కందుకూరు దగ్గర ఒక బడి ల్యాబ్‌లో డెబియన్ ఎడ్యు పెట్టేటప్పుడు టీచర్ల కోసం తెలుగులో గైడ్ రాస్తున్నాను. బళ్ల కోసమే చేసిన లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఇది, 2001లో నార్వేలో స్కోలెలినక్స్ పేరుతో మొదలైంది.

లెక్కల మేడం గైడ్ చూసుకుంటూ సర్వర్ ఎక్కించారు. అంతా సాఫీగా అయింది, నెట్ మాత్రం రాలేదు. మెయిన్ సర్వర్ అడ్రస్ 10.0.2.2. గేట్‌వే, అంటే బయటి నెట్‌కి దారి ఇచ్చే రౌటర్, 10.0.0.1లో ఉంటుందనే లెక్కతో అది నడుస్తుంది. మనకి దొరికే రౌటర్లేమో చాలావరకు 192.168తో మొదలయ్యే అడ్రస్‌తో వస్తాయి. పైగా డీహెచ్‌సీపీ పని, అంటే కంప్యూటర్లకి అడ్రస్‌లు పంచడం, సర్వరే చూసుకుంటుంది, రౌటర్ కూడా అదే పని చేస్తే గందరగోళం.

అందుకే రౌటర్ పేజీని ఇన్‌స్టలేషన్ కంటే ముందు పెట్టాను. రౌటర్ అడ్రస్ 10.0.0.1, సబ్‌నెట్ మాస్క్ (ఏ అడ్రస్‌లు ఒకే నెట్‌వర్క్‌లోవో చెప్పేది) 255.0.0.0, డీహెచ్‌సీపీ ఆఫ్. కొన్ని రౌటర్లు ఈ మాస్క్ తీసుకోవు, కొనేముందే చూసుకోవాలి.

సేవ్ కొట్టగానే రౌటర్ అడ్రస్ మారిపోతుంది కాబట్టి దాని సెట్టింగ్స్ పేజీ ఆగిపోతుంది. టెన్షన్ పడేది అక్కడే. కాబట్టి ఆ బటన్ బొమ్మ కిందే రాశాను: "కంగారు పడకండి. మీ కంప్యూటర్‌కి 10.0.0.5, మాస్క్ 255.0.0.0 చేత్తో ఇచ్చి, బ్రౌజర్‌లో 10.0.0.1 కొట్టండి."

నా దృష్టిలో గైడ్‌కి ప్రాణం ఇలాంటి వాక్యాలే. ఇప్పుడు ప్రతి స్టెప్ కింద తెర మీద ఏం కనపడాలో కూడా రాస్తున్నాను. తర్వాత ప్రింటర్ల పేజీ పట్టుకోవాలి.