ఇస్తాంబుల్‌కి కొత్తా? ముందు ముజ్వెర్ వేయడం నేర్చుకోండి

ఇస్తాంబుల్ వచ్చి వారం అయిందా, ఇంటి నుంచి తెచ్చుకున్న గోంగూర పచ్చడి సీసా అప్పుడే సగానికి వచ్చిందా, మార్కెట్లో ఏ అరలో ఏముందో తెలీక రోజూ గుడ్డూ బ్రెడ్డూ తింటున్నారా, అయితే ఇది మీకే. ఇకామెత్ కార్డు, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు గురించి, ఇంటి అద్దె గురించి చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి నేను వంటింటి నుంచి మొదలుపెడతా. నాకు ఈ ఊరు కాస్త అలవాటైంది ఒక వంటకం వల్ల, దాని పేరు ముజ్వెర్. కబాక్ అనే లేత గుమ్మడి జాతి కాయ తురుములో గుడ్లు, పిండి, ఆకులు కలిపి కొద్ది నూనెలో వేయించే బిళ్ళలు. చూడగానే మనవాళ్ళందరం అనే మాట ఒకటే, "ఓహో, పకోడీ". అక్కడే తప్పులో కాలేస్తాం, నేనూ వేశా, అది తర్వాత చెప్తా.

ముందు సామాను. సూపర్ మార్కెట్ కాదు, పజార్‌కి వెళ్ళండి. పజార్ అంటే మన వారపు సంత లాంటిదే, ప్రతి పేటకీ ఒక రోజు ఉంటుంది, కడికొయ్ వైపు ఉంటే మంగళవారం, ఫాతిహ్ వైపు అయితే బుధవారం, మీ పేటలో ఏ రోజో కింద కిరాణా కొట్టు ఆయన్ని అడిగితే చెప్తాడు. ధరలు మాత్రం రాయను, ఇక్కడ ధరలు రాస్తే నెల తిరిగేసరికి అబద్ధమైపోతుంది. సాయంత్రం సంత కట్టేసే టైముకి వెళ్తే రేట్లు తగ్గిస్తారు, దాన్ని అక్షామ్ పజారీ అంటారు, కానీ అప్పటికి ఆకుకూరలు వాడిపోయి ఉంటాయి, ముజ్వెర్‌కి ఆకులు ముఖ్యం కాబట్టి ఆ రోజుకి పొద్దున్నే వెళ్ళండి. సంచి పట్టుకెళ్ళండి, 2019 జనవరి నుంచి సూపర్ మార్కెట్లలో ప్లాస్టిక్ సంచికి డబ్బు తీసుకుంటున్నారు, ఆ అలవాటు ఎలాగూ చేసుకోవాల్సిందే.

భాష రాదని భయపడకండి, నాలుగు మాటలు చాలు. కొట్టు దగ్గరికి వెళ్ళగానే "కొలాయ్ గెల్సిన్" అనండి, మీ పని తేలిగ్గా సాగాలి అని అర్థం, పనిలో ఉన్న ఎవరికైనా అనొచ్చు. అమ్మేవాడు మగవాడైతే "ఆబి" అంటే అన్న, ఆడమనిషైతే "ఆబ్లా" అంటే అక్క, పెద్దావిడైతే "తెయ్జె", అంటే పిన్ని. మనం ముక్కూమొహం తెలియనివాళ్ళని కూడా అన్నా, అక్కా, పిన్నిగారూ అని వరసలు కలుపుతాం చూడండి, అచ్చం అలాగే. "బిర్ కిలో కబాక్" అంటే కిలో కబాక్, "యారిమ్ కిలో" అంటే అర కిలో. కొంతమంది కాయలు ఏరుకోనివ్వరు, వాళ్ళే సంచిలో వేసిచ్చేస్తారు, గొడవ పడకుండా పక్క కొట్టుకి వెళ్ళిపోండి అంతే.

కబాక్ అంటే ఒక్క కాయ కాదండోయ్, గుమ్మడి జాతి మొత్తానికి ఆ పేరే. పెద్ద నారింజ రంగు గుమ్మడిని బాల్ కబాయి అంటారు, దాంతో వాళ్ళు స్వీటు చేస్తారు, అది కాదు మనకి కావాల్సింది. లేత ఆకుపచ్చగా, జానెడు పొడుగున, బీరకాయకీ లేత సొరకాయకీ మధ్యలో ఉన్నట్టుండే సకిజ్ కబాయి తీసుకోండి. చిన్నవి, గట్టివి చూసుకోండి, ముదిరితే మధ్యలో గింజలూ నీళ్ళూ తప్ప ఏముండదు.

ఆకుల్లో మూడు కావాలి. దెరెఓతు, అంటే మన సోయకూర, హైదరాబాద్ వైపు వాళ్ళకి బాగా తెలుసు, మిగతావాళ్ళకి మొదట ఆ వాసన మందులా అనిపిస్తుంది. నాకూ అనిపించింది, అది వేయకుండా ఒకసారి చేసి చూశా, ఏదో కూరగాయల ఆమ్లెట్ తిన్నట్టుంది, ముజ్వెర్ అనిపించలేదు. కాబట్టి వేయండి. రెండోది మయ్దనోజ్, అంటే పార్స్‌లీ, చూడ్డానికి కొత్తిమీరలా ఉండి మనల్ని మోసం చేసేది ఇదే, ఇక్కడ ఎక్కడ చూసినా ఇదే కట్టలు కట్టలు. అసలు కొత్తిమీర పేరు కిష్నిష్, పచ్చిది దొరకడం కష్టం, గింజలు మాత్రం మసాలా కొట్లలో ఉంటాయి. మూడోది తాజె సోవాన్, ఉల్లికాడలు.

తర్వాత బెయాజ్ పెయ్‌నిర్, ఉప్పునీళ్ళలో ఉంచే తెల్ల చీజు. పనీర్ అనుకుని కూరలో వేసేయకండి, ఉప్పు కషాయం అయిపోతుంది. శుద్ధ శాకాహారులైతే ఒక మాట, చీజు తయారీలో వాడే మాయ జంతువులది కూడా అయ్యుండొచ్చు, పట్టింపు ఉంటే చీజు మానేయండి, అది లేకపోయినా ముజ్వెర్ ముజ్వెరే.

ఇక్కడి ఆంటీలని కొలతలు అడిగితే పిండి దగ్గరికి వచ్చేసరికి "అల్దియి కదర్" అంటారు, అంటే పట్టినంత. మన అమ్మలు తగినంత అంటారే, అదే. రాసి ఉన్న వంటల్లో మాత్రం సు బర్దాయి అని ఉంటే 200 మిల్లీలీటర్ల గ్లాసు, చాయ్ బర్దాయి అంటే దాదాపు 100, యెమెక్ కషీయి అంటే పెద్ద స్పూను. నా లెక్క చెప్తా, మధ్యరకం కబాక్‌లు 3, చిన్న క్యారెట్ 1, గుడ్లు 2, మైదా 6 పెద్ద స్పూన్లు, చీజు గుప్పెడు, సోయకూర అర కట్ట, మయ్దనోజ్ కొద్దిగా, ఉల్లికాడలు 4, మిరియాల పొడి. కారం కావాలంటే పుల్ బిబెర్, పలుకులుగా ఉండే ఎండుమిరప. సివ్రి బిబెర్ అని పొడుగు పచ్చిమిర్చి ఉంటుంది, కొన్ని చప్పగా ఉంటాయి కొన్ని మండుతాయి, కొనేముందు "అజీ మీ?" అని అడగండి, కారమా అని. వాళ్ళు చాలా కారం అన్నా మన గుంటూరు నాలుకకి అది చుట్టపుచూపే.

ఇప్పుడు అసలు సంగతి, నీళ్ళు. మొదటిసారి నేనేం చేశానంటే కబాక్ తురిమి, అన్నీ కలిపేసి, మూకుడు నిండా నూనె పోసి, పకోడీల్లాగా చేత్తో జారవిడిచా. నూనెలో పడగానే విడిపోయి ఒక్కో తురుము పోగూ ఒక్కో దారి పట్టింది, నూనె చిటపటలాడి మీదపడింది, పొగకి కింద ఫ్లోర్ తెయ్జె పైకొచ్చి తలుపు కొట్టింది. రెండోసారి విడిపోకూడదని మైదా వేస్తూనే ఉన్నా, అవి బిళ్ళలు కాదు, లోపల పచ్చిగా ఉన్న పిండి ముద్దలు. ఆ తెయ్జేనే మూడోసారి పక్కన నిలబడి చేయించింది, ఆవిడకి తెలుగు రాదు, నాకు అప్పటికి టర్కిష్ రాదు, అయినా ఆవిడ నా చేతిలోంచి తురుము లాక్కుని గుడ్డలో వేసి పిండి చూపించింది, చిన్న గిన్నెడు నీళ్ళు కారాయి.

అదే కిటుకు. కబాక్‌ని తొక్కతోనే రెండె పెద్ద చిల్లుల వైపు తురమండి, రెండె అంటే తురుము పీట. అర స్పూను ఉప్పు కలిపి పదిహేను నిమిషాలు జల్లెడ గిన్నెలో ఉంచి, తర్వాత చేతుల్లో సత్తువ ఉన్నంతా పిండేయండి. ఆ నీళ్ళు పారబోయకుండా చపాతీ పిండిలో కలిపేస్తా నేను, ఆ పిండికి వేరే ఉప్పు వేయను. పిండిన తురుములో మిగతావి కలపండి, మళ్ళీ ఉప్పు వేయకండి, చీజులో ఉంది కదా. కలిపాక ఫోన్ చూసుకుంటూ కూర్చోకండి, పది నిమిషాలుంటే మళ్ళీ నీరు ఊరుతుంది, వెంటనే వేసేయాలి, ముందు నూనె కాగబెట్టి ఆ తర్వాతే గుడ్లు కలిపితే ఇంకా మంచిది.

గిన్నె పేరు తవా, వినడానికి మన తవానే గానీ ఇక్కడ అది వేపుడు పెనం. దాంట్లో పొద్దుతిరుగుడు నూనె, అయ్‌చిచెక్ యాయి అంటారు, అర అంగుళం లోతు పోసి మధ్యస్థం మంట మీద పెట్టండి. స్పూనుతో పిండి వేసి పైన కొద్దిగా నొక్కి పలచన చేయండి, అంచులు ఎర్రబడేదాకా కదపకండి, ఒక్కసారే తిప్పండి. కరకరలాడాలని ఎదురుచూడకండి, పైన కొంచెం పెళుసు, లోపల మెత్తగా, అదీ దీని లక్షణం. వేడివేడిగా నిమ్మకాయ పిండుకుని తినడం మన పద్ధతి, వీళ్ళు వెల్లుల్లి నూరి కలిపిన పెరుగుతో తింటారు, చల్లారాక కూడా తింటారు, మిగిలితే మర్నాడు బ్రెడ్డు మధ్యలో పెట్టుకుని ఆఫీసుకి పట్టుకెళ్తారు. చల్లారిందే బావుంటుందని ఒప్పుకోడానికి నాకు ఏడాది పట్టింది.

గుడ్డు తినని వాళ్ళకి నోహుత్ ఉను, శనగల పిండి, దొరుకుతుంది. ఇది మన శనగపప్పు పిండి కాదు, కాబూలీ శనగలది, రుచి కొంచెం తేడా. నాలుగు స్పూన్లు కొద్దిగా నీళ్ళతో చిక్కగా కలిపి గుడ్డు బదులు వేయండి, ఒక స్పూను మొక్కజొన్న స్టార్చ్ కూడా, మంట తగ్గించి నిదానంగా కాల్చండి. నిజం చెప్పాలంటే అప్పుడది సగం పకోడీయే, పర్లేదు, ఇంటి మీద బెంగ ఉన్న రోజు అలాగే బావుంటుంది. నూనె వద్దనుకుంటే ట్రేలో పరిచి 180 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు కాల్చొచ్చు, దాంట్లో కాస్త బేకింగ్ పౌడర్, కబర్త్మా తోజు, వేస్తారు. పేకెట్ చదివి వేయండి, పక్కనే అదే సైజులో వనిల్లా పొడి పేకెట్లు ఉంటాయి, నేను అది వేసి ఐస్‌క్రీమ్ వాసన వచ్చే కూరగాయల కేకు తిన్నా.

కాగిన నూనె సింకులో పోయకండి, పైపులు బిగుసుకుపోతాయి, ఇంటి ఓనర్‌తో మాటపడతారు. చల్లారాక ఖాళీ నూనె సీసాలో పోసి దాచండి, చాలా బెలెదియెలు, అంటే మున్సిపాలిటీలు, ఇంట్లో వాడిన నూనె తీసుకుంటాయి, మీ బిల్డింగు కపిజీకి, అదే వాచ్‌మెన్‌కి, ఎక్కడ ఇవ్వాలో తెలిసుంటుంది. పక్కింటివాళ్ళకి నాలుగు ముజ్వెర్లు పంపితే వాళ్ళు ప్లేటు ఖాళీగా తిప్పి పంపరు, మన ఊళ్ళలో లాగానే, అది తిరిగి రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది కాబట్టి మంచి ప్లేటు ఇవ్వకండి.

ఎండాకాలం పోయాక కబాక్ ధర పెరుగుతుంది, రుచి తగ్గుతుంది. అప్పుడు పిరాసా తీసుకోండి, మూరెడు పొడుగు ఉల్లికాడలా, లావుగా తెల్లగా ఉంటుంది, చలికాలమంతా పజార్‌లో కుప్పలే. పొడుగునా చీల్చి పొర పొరా విప్పి కడగాలి, లోపల ఇసుక ఉంటుంది, పై పై కడిగితే పంటి కింద పడుతుంది. సన్నగా తరిగి, నూనెలో మెత్తబడేదాకా మగ్గబెట్టి, బాగా చల్లారాక గుడ్లు కలపండి, వేడి మీద కలిపితే గుడ్డు అక్కడే ఉడికిపోయి పొరటు అయిపోతుంది.