నాన్న వేట తుపాకీని బాగుచేయించే ముందు

మా నాన్న పెద్దకర్మ అయిన మర్నాడు మలక్‌పేట ఇంట్లో బీరువా వెనక నుంచి ఆయన పన్నెండు బోరు జంట గొట్టాల తుపాకీ తీశాం. బోరంటే గొట్టం లావు కొలత, సంఖ్య పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. తోలు సంచి బూజు పట్టి ఉంది. నేను చేయి చాచగానే బాబాయి నా మణికట్టు పట్టుకున్నారు. "ఆగరా. ఖాళీగా ఉందని కళ్లారా చూశావా? చూసేదాకా అందులో తోటా ఉన్నట్టే." అందరినీ తన వెనక్కి పంపి, గొట్టాలు నేలవైపు ఉంచి, ట్రిగ్గర్ల దగ్గరికి వేలు పోనివ్వకుండా, పై మీట పక్కకు నెట్టి తుపాకీ విరిచారు, అంటే గొట్టాలను కీలు దగ్గర కిందికి మడిచి తెరిచారు. తోటాలు పెట్టే రెండు అరలూ ఖాళీ. వెనక వైపు నుంచి కిటికీ వెలుగుకు పట్టి చూస్తే కుడి గొట్టం అద్దంలా మెరిసింది. ఎడమ గొట్టం చీకటి. ఎడమ చేయి పట్టుకునే చోటుకు జానెడు ముందు కందిరీగ మట్టితో గూడు కట్టింది. గొట్టంలో అడ్డం ఉండగా పేలిస్తే అది ఉన్నచోట ఇనుము ఉబ్బుతుంది, లేదా చీలిపోతుంది. గూడు ఉన్న చోటూ పేల్చేవాడి వేళ్లు ఉండే చోటూ ఎంత దగ్గరో ఆ రోజు చూశాను.

వానలకు ముందు అటకలు, బీరువాలు సర్దేటప్పుడు మీ ఇంట్లోనూ ఇలాంటిది బయటపడితే, దాన్ని మెరిపించాలన్న కోరికను కొన్నాళ్లు పక్కన పెట్టండి. తుపాకీ విరవడం చేతకాకపోతే అసలు ముట్టుకోవద్దు. పిల్లల్ని ఆ గదిలోంచి పంపి, తాళం వేసి, పోలీస్ స్టేషన్‌కు ఫోను చేయండి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

ఎందుకంటే ఆ తుపాకీ ఇంకా మీది కాదు. ఇల్లు, పొలం వారసత్వంగా వచ్చినట్టు ఆయుధం రాదు. లైసెన్సు నాన్న పేరున ఉంది, ఆయనతోనే దాని పని అయిపోయింది. ఆయుధాల చట్టం 1959లోని 21వ సెక్షన్ ప్రకారం వారసులు అనవసర జాప్యం లేకుండా దాన్ని దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సు ఉన్న ఆయుధాల డీలరు దగ్గర గానీ జమ చేయాలి. "నాన్న జ్ఞాపకం కదా, ఎవరు అడుగుతారు" అని ఏళ్ల తరబడి ఇంట్లో ఉంచుకునేవారిని చూశాను. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకున్నందుకు శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్ల జైలు. జమ చేసేటప్పుడు తుపాకీ నంబరు, తయారీదారు పేరు, బోరు, తోటాల సంఖ్య రాసి ఉన్న రసీదు తప్పకుండా తీసుకోండి. అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి పెట్టుకోండి. మేం తీసిన ఫొటోలు తర్వాత చాలా అక్కరకు వచ్చాయి.

వారసుడిగా లైసెన్సుకు దరఖాస్తు నగరంలోనైతే పోలీస్ కమిషనర్‌కే పెట్టుకోవాలి. మీ ఇల్లు ఏ కమిషనరేట్ పరిధిలో ఉందో ముందు తేల్చుకోండి, లేకపోతే తిరుగుడే మిగులుతుంది. మరణ ధ్రువపత్రం, నాన్న లైసెన్సు పుస్తకం, మిగతా వారసుల సమ్మతి సిద్ధం చేసుకోండి. మా చెల్లెలు సంతకం పెట్టే ముందు "పిల్లలు తిరిగే ఇంట్లో అది ఎక్కడ పెడతావు అన్నయ్యా?" అని అడిగింది. తాళం వేసే ఇనుప బీరువా కొన్నాకే సంతకం పెట్టింది. సరైన ప్రశ్నే అడిగింది.

పాత తోటాల సంగతి విడిగా చెప్పాలి. మాకు ఒక రేకు డబ్బాలో కాగితం తొడుగు తోటాలు దొరికాయి. చెమ్మకు ఉబ్బి, అడుగున ఇత్తడి పచ్చగా చిలుము పట్టింది. వాటిని పేల్చి చూడకండి, విప్పకండి, చెత్తబుట్టలో వేయకండి. తుపాకీతో పాటే జమ చేయాలి, అవి కూడా లైసెన్సు లెక్కలోవే. డబ్బాలో ఇరవై బోరు తోటా ఒక్కటి కలిసి ఉన్నా ప్రమాదమే. అది పన్నెండు బోరు గొట్టంలో కాస్త లోపలికి జారి ఇరుక్కుంటుంది. అర ఖాళీగా ఉందనుకుని దాని వెనక పన్నెండు బోరు తోటా పెట్టి పేలిస్తే గొట్టం బద్దలవుతుంది.

లైసెన్సు వచ్చాక, బాగుచేసే పని లైసెన్సు ఉన్న తుపాకుల మేస్త్రీకే ఇవ్వండి. మరమ్మతుకు కూడా చట్టం లైసెన్సు అడుగుతుంది. వెల్డింగ్ షాపుకు, లేతు పనివాడికి ఇవ్వడం నేరం. గొట్టాలు పొట్టిగా కోయించడం ఇంకా పెద్ద నేరం. మేస్త్రీ చేత ముందుగా గొట్టాల అడుగున ఉన్న ముద్రలు చదివించుకోండి. ఇంగ్లండులో తయారైన తుపాకీ అయితే గొట్టాల బలాన్ని పరీక్షించే లండన్ లేదా బర్మింగ్‌హామ్ కేంద్రం ముద్ర ఉంటుంది. నేటి తోటాల్లో వాడే పొగరాని తుపాకీ మందుకు పరీక్షించినదైతే నైట్రో ప్రూఫ్ అని ఉండవచ్చు. పొగ వచ్చే పాతకాలపు నల్ల తుపాకీ మందుకే పరీక్షించిన గొట్టాల్లో, అందులోనూ ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి అతికిన డమాస్కస్ గొట్టాల్లో, నేటి తోటాలు పెట్టడానికి వీల్లేదు. చెక్కలోని వలయాల్లా గొట్టం మీద చారలు కనిపిస్తే అవి డమాస్కస్‌వే కావచ్చు. అలాంటి దాన్ని జ్ఞాపకంగా దాచుకోండి, పేల్చే ఆలోచన వదిలేయండి.

తోటా అర పొడవు కూడా కొలిపించండి. చాలా పాత తుపాకుల్లో అది 65 మిల్లీమీటర్లు, ఇప్పుడు దొరికే తోటాలు ఎక్కువగా 70. మోసం ఎక్కడంటే, 70 తోటా 65 అరలో సుఖంగా పడుతుంది. ఆ కొలత పేలి విచ్చుకున్న తోటాది, పేలక ముందు అది పొట్టిగానే ఉంటుంది. పేలినప్పుడు మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది.

ఇంట్లో మీరు చేయదగ్గది తుడవడం, నూనె రాయడం వరకే. ఉప్పుకాగితం ఎప్పుడూ వాడకండి, తుప్పుతో పాటు ముద్రలూ నంబరూ అరిగిపోతాయి. నంబరు చెరిగిన తుపాకీ మిమ్మల్ని కేసులో ఇరికిస్తుంది. కొబ్బరినూనె, ఆవనూనె వద్దు, కొబ్బరినూనె చలికి గడ్డకడుతుంది, ఆవనూనె ఆరి జిగురులా పట్టేస్తుంది. కుట్టుమిషను నూనె పల్చగా చాలు. చెక్కకు ఉడికించిన అవిసె నూనె మంచిది. అయితే ఆ నూనె తుడిచిన గుడ్డలు కుప్పగా పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి, నీళ్లలో ముంచి ఆరుబయట విడివిడిగా పరవండి. పాత జంట గొట్టాలకు నీలిరంగు వేయిస్తామంటే, కాస్టిక్ లవణాల వేడి తొట్టిలో ముంచే పద్ధతి వద్దని మేస్త్రీకి స్పష్టంగా చెప్పండి. రెండు గొట్టాలను కలిపే మెత్తటి అతుకును ఆ ద్రావణం తినేస్తుంది.

నాన్న, బాబాయి నర్సాపూర్ అడవుల వైపు వేటకు వెళ్లేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక నాన్న మానేశారు. ఈ తుపాకీ మళ్లీ వేటకు పోదు. ఎన్నికల నియమావళి అమల్లోకి వచ్చి పోలీసులు జమ చేయమన్నప్పుడల్లా స్టేషన్‌కు పోతుంది, మళ్లీ ఇంటికి వస్తుంది. అలా వచ్చిన ప్రతిసారీ గొట్టాల్లోకి వెలుతురు పెట్టి చూడండి.

ఇక వానాకాలం. మృగశిర కార్తె లోపే తోలు సంచిలోంచి తీసేయండి. తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది, దాన్ని ఊనబెట్టిన ఆమ్లాలు ఇనుమును తింటాయి. మా తుపాకీకి గుంటలు పడ్డ చోట్లన్నీ సంచి ఆనుకున్న వైపే ఉన్నాయి. నూనె గుడ్డతో తుడిచి, తోటాలు వేరే తాళంలో ఉంచి, బీరువాలో మూతి కిందికి వచ్చేలా నిలబెట్టండి. మూతి పైకి ఉంటే నూనె గొట్టాల వెంట కారి చెక్కలోకి ఇంకుతుంది. ఏళ్లు గడిచేసరికి ఇనుము ఆనే చోట ఆ చెక్క మెత్తబడి నల్లబారుతుంది. మా నాన్న తుపాకీ చెక్క అక్కడ వేలితో నొక్కితే లొత్తపడేది. మేస్త్రీకి అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టిన పని అదే.