డప్పు పాట, లాలిపాట: ఆల్బమ్‌లో లౌడ్‌నెస్ ఎలా సర్దుకున్నాను

ఇంట్లోనే రికార్డు చేసుకున్న ఎనిమిది పాటల ఆల్బమ్. ఒక్కోటి విడిగా బాగుంది. వరసగా వింటే మాత్రం టెన్షన్ మొదలైంది. డప్పు పాట అయిపోగానే తంబురా, గొంతు మాత్రమే ఉన్న లాలిపాట వస్తుంది. అది డప్పు కంటే గట్టిగా వినిపిస్తోంది!

తప్పు నాదే. మీటర్ చూసి ప్రతి పాటనూ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు తెచ్చేశాను. ఎల్‌యూఎఫ్‌ఎస్ అంటే చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత; ఆ అంకె పాట మొత్తం మీద సగటు. లాలిపాటలో ఆ సగటు అందుకోవాలంటే గొంతునే పైకి లేపాల్సి వచ్చింది.

ఈసారి డప్పు పాటను మైనస్ 14 దగ్గరే ఉంచి, మిగతావాటిని పల్లవిలో గొంతు దానితో సమానంగా వినిపించేదాకా చెవితోనే సర్దాను. లాలిపాట మైనస్ 18 దగ్గర, అంటే ఇంకాస్త మెల్లగా, ఆగింది. అక్కడే దానికి ప్రాణం వచ్చింది.

డప్పు పాటలో ఇంకో చిక్కు: దెబ్బ పడ్డప్పుడల్లా లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా ఆపే సాధనం) గొంతును కూడా కిందికి నొక్కేస్తోంది. మాస్టర్‌లో (పాట మొత్తం మీద చేసే చివరి సర్దుబాటులో) ఎంత తిప్పినా పోలేదు. మళ్లీ మిక్స్‌ (గొంతు, వాద్యాలు విడివిడిగా సర్దే దశ) తెరిచి డప్పును 2 డెసిబెల్స్ (డీబీ) తగ్గిస్తే పోయింది. ట్రూ పీక్ (శబ్దం చేరే అత్యధిక స్థాయి) అన్నిటికీ మైనస్ 1 డీబీ.

స్పాటిఫైలో ఆల్బమ్‌ను వరసగా వింటే పాటల మధ్య ఈ తేడాలు అలాగే ఉంటాయి. షఫుల్‌లో అయితే ఒక్కో పాటను విడిగా సర్దుతుంది. నేను చేసింది వరసగా వినేవాళ్ల కోసమే.