సి డ్రైవ్ నిండిపోతే, 4వ పాఠం: గట్టు ఎటు ఉంది?

పోయిన పాఠంలో సెట్టింగ్స్‌లో టెంపరరీ ఫైల్స్ తెరిచి టిక్కులు పెట్టి తీసేయమన్నాను. అక్కడే డౌన్‌లోడ్స్ అనే గడి కూడా ఉంటుంది, దాని జోలికి పోవద్దని మాత్రం రాయలేదు. అది దానంతటది టిక్ అయి ఉండదు కదా, ఎవరు పెడతారులే అనుకున్నాను. పెట్టారు. రాజోలు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసి, "అన్నయ్యా, 20 జీబీ ఖాళీ అయింది, నాన్నగారి అడంగల్, 1బి కాపీలు కూడా ఖాళీ అయ్యాయి" అన్నాడు. అవి మీభూమిలో మళ్ళీ దిగుతాయి. పెళ్ళి ఆల్బం డిజైన్లు పోగొట్టుకున్న పాలకొల్లు స్టూడియో ఆయనకి ఏం చెప్పాలో నాకు తోచలేదు. అలా తీసినవి రీసైకిల్ బిన్‌లోకి రావు. పాత హార్డ్ డిస్క్ అయితే సిస్టమ్ ఆపేసి, దాంట్లో ఇంకేమీ ఎక్కించకుండా రికవరీ చేసేవాళ్ళకి చూపించండి. ఎస్‌ఎస్‌డీ అయితే పెద్దగా ఆశ పెట్టుకోకండి.

నేనైతే డౌన్‌లోడ్స్‌ని సిలో ఉంచనే ఉంచను. దాని మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, లొకేషన్, మూవ్. డీలో ముందే ఒక ఫోల్డర్ చేసుకుని దాన్ని చూపించండి, ఉత్త డీని చూపిస్తే డీ మొత్తం డౌన్‌లోడ్స్ అయి కూర్చుంటుంది.

విండోస్.ఓల్డ్, అంటే పాత విండోస్ దాచి ఉంచిన ఫోల్డర్, అప్‌గ్రేడ్ అయిన 10 రోజులకి అదే పోతుంది. విండోస్ తన సొంత ఫైళ్ళు పెట్టుకునే విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ (WinSxS) ఫోల్డర్‌లో చెయ్యి పెట్టొద్దు. హైబర్నేట్ (తెరిచిన పనంతా డిస్క్‌లో దాచి సిస్టమ్ ఆపడం) వాడనివాళ్ళు అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ ఆఫ్ (powercfg /h off) కొడితే, 8 జీబీ ర్యామ్ ఉన్న సిస్టమ్‌లో మామూలుగా 3 జీబీ పైచిలుకు వస్తుంది. సిస్టమ్‌ని తొందరగా ఆన్ చేసే ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది, నాకు దాంతో ఎప్పుడూ పని పడలేదు.

ఇక నన్ను విసిగించిన ప్రశ్న. "డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డీని 50 జీబీ ష్రింక్ చేశాం (కుదించాం), సి మీద దాన్ని పెంచే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ బూడిద రంగులో ఉంది, నొక్కుడు పడట్లేదు." పడదండీ. డిస్క్‌ని పంట బోదె వెంట వరసగా ఉన్న చేలనుకోండి. ఎడమ పక్కన సి, దాన్ని ఆనుకుని డీ. ష్రింక్ చేస్తే డీ తన కుడి చివర నేల వదులుతుంది, సి వైపు కాదు. మీ చేనుకీ ఆ ఖాళీ నేలకీ మధ్య డీ గారి చేను ఉండగా ఏ గట్టు తీసి కలుపుతారు? 50 కాదు, 200 వదిలినా అంతే. రీస్టార్ట్ చేసినా అంతే. ఒకాయన డీ అక్షరాన్ని ఈగా మార్చి చూశారట, రైతు పేరు మారితే సరిహద్దు జరుగుతుందా? కొన్ని లాప్‌టాప్‌లలో సి పక్కనే రికవరీ అని చిన్న చెక్క ఉంటుంది, అదీ అడ్డమే. విండోస్ పనిముట్లతోనే కానివ్వాలంటే డీలో సామానంతా బయటి డిస్క్‌లోకి కాపీ చేసి, నాలుగు ఫైళ్ళు తెరిచి చూసుకుని, డీని డిలీట్ చేసి, సిని పెంచి, మిగిలిన నేలలో మళ్ళీ డీ చేసుకోవాలి. గట్టు జరిపే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, కానీ మధ్యలో కరెంటు పోతే రెండు చేలూ మునిగే ప్రమాదం ఉంది. తుఫాను రోజుల్లో అయితే మాట కూడా ఎత్తకండి.

అభ్యాసం: డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, ఇంట్లో ఉన్న ప్రతి సిస్టమ్ పటాన్నీ ఎడమ నుంచి కుడికి సైజులతో సహా కాగితం మీద గీయండి. ఏ చేనుకి ఏ ఖాళీ నేల కలుస్తుందో పెన్ను పెట్టి గుర్తించండి. ఏదీ నొక్కొద్దు. రాజోలు తమ్ముడూ, నువ్వు మౌస్ పక్కన పెట్టేసి గీయి.